ఆయమ్మ నేర్పిన మాట

నర్సింగమ్మకు చదువు రాదు. కానీ గదిలో ఇరవైమంది పిల్లలు ఆడుకుంటుంటే, వాళ్లలో ఎవరికి మూత్రం వస్తోందో పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేది. ఒకరు మాటిమాటికీ లేచి కూర్చుంటారు. ఒకరు ఉన్నట్టుండి ఆట ఆపి గోడ వైపు చూస్తారు. ఒకరు మోకాళ్లు దగ్గరికి పెట్టుకుంటారు. "టీచరమ్మా, గా ఎర్ర గౌను పిల్లను జర బయటికి తీస్కపో" అనేది ఉడికిన గుడ్లు వొలుస్తూ. నేను వెళ్లి అడిగితే ఆ పిల్ల అవునని తలూపేది.

తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014 చివర్లో, నేను బండమీదిగూడెం అంగన్‌వాడీలో టీచరుగా చేరాను. నల్గొండ నుంచి బస్సులో ముప్పావుగంట ప్రయాణం. నర్సింగమ్మ అప్పటికే ఎనిమిదేళ్లుగా అక్కడ ఆయా. యాభై అయిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఊరంతా ఆమెను పేరుతో పిలిచినా, పిల్లలూ నేనూ మాత్రం ఆయమ్మ అనేవాళ్లం. సెంటరు ఒక కిరాయి ఇంట్లో ఉండేది. ఒకే గది, ముందు రేకుల పంచ. దొడ్లో బండలు పరిచి, మూడువైపులా తడక కట్టి పిల్లల కోసం ఒక మరుగు చేసింది నర్సింగమ్మే. దానికి నీళ్లు బోరింగు దగ్గర కొట్టి మోసుకొచ్చేది కూడా ఆమే.

చేరిన మొదటి వారంలోనే ఒక పిల్లవాడు చాప తడిపాడు. "ఛీ, ఇంత పెద్దోడివయ్యావు, సిగ్గు లేదా?" అని కేకేశాను. మిగతా పిల్లలు నవ్వారు. నర్సింగమ్మ పొయ్యి మీది గిన్నె దించి వచ్చింది. వాడి చేతికి ఒక పాతగుడ్డ ఇచ్చి, తనూ ఒకటి తీసుకుని పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి తుడిచారు. వాడికి వేరే నిక్కరు తొడిగి, "పో బిడ్డా, ఆడుకో. మల్ల వస్తే నాకు చెప్పు" అంది. అంతే. నా వైపు చూడను కూడా లేదు.

పిల్లలందరూ వెళ్లిపోయాక వచ్చి పక్కన నిలబడింది.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నీకు చెప్పేంతదాన్ని గాదు. గని పిల్లలను నవ్వులపాలు జెయ్యకు. తిడితే, కొడితే ఆపుకునుడు నేర్సుకుంటరు. చెప్పుడు నేర్సుకోరు. రెండిట్ల చానా ఫరక్ ఉన్నది."

ఆమె పద్ధతి అదే. వస్తే చెప్పాలి, చెప్తే తీసుకుపోవాలి. మొదటి సగం పిల్లలకు, రెండో సగం పెద్దలకు. పెద్దలు తమ సగం తప్పితే పిల్లలు తమ సగం మానేస్తారని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

ఆమె భర్త గుర్వయ్య గొర్లు కాసేవాడు. ఎండాకాలం వస్తే మేత కోసం మందను తోలుకుని హుజూర్‌నగర్ దాటి, కృష్ణ ఒడ్డు పొలాల దాకా నడిచిపోయేవాళ్లు. ఒక ఏడాది నర్సింగమ్మ కూడా మంద వెంట వెళ్లాల్సి వచ్చింది. మూడేళ్ల కూతురు పుష్పను అత్త దగ్గర వదిలింది. ఆ పిల్ల అప్పటికే అడిగి బయటికి వెళ్లడం నేర్చుకుంది. నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చి పిల్లకు నీళ్లు పోస్తుంటే తొడ మీద రెండు మచ్చలు కనబడ్డాయి. పక్క తడుపుతోందని అత్త గరిటె కాల్చి సురుకులు పెట్టింది. పిల్ల లేచి అడిగినా, ఎవరూ లేచి బయటికి తీసుకుపోలేదట. ఆ తర్వాత రెండేళ్లకు గుర్వయ్య ఆ కృష్ణ ఒడ్డు పొలాల్లోనే పాము కరిచి చనిపోయాడు. మంద అమ్మేశారు. నర్సింగమ్మ కూలికి పోతూ కూతుర్ని పెంచి, హుజూర్‌నగర్‌లో పెళ్లి చేసింది.

పుష్ప ఒకసారి పండక్కి వచ్చినప్పుడు ఈ సంగతంతా చెప్పి, "నాకైతే ఏం యాదిలేదు మేడం, మచ్చలున్నయంతే. మా అమ్మకే మొత్తం యాదికున్నది" అంది.

2016 ఎండాకాలం పోయాక మా సెంటరుకు దీప్తి వచ్చింది. రెండున్నరేళ్ల పిల్ల. తండ్రి పరమేష్ ట్రాక్టరు నడిపేవాడు. తల్లి శోభ పత్తి చేన్లకు కూలికి వెళ్లేది. ఇంట్లో నాయనమ్మ బక్కమ్మ ఉండేది. వాళ్లదీ గొర్లకాపరి కుటుంబమే. నర్సింగమ్మ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు.

దీప్తి నోరు విప్పేది కాదు. మొదటిరోజు నాలుగుసార్లు తడుపుకుంది. తడుపుకున్న ప్రతిసారీ వెళ్లి తలుపు వెనక నిలబడింది. నర్సింగమ్మ గంటకోసారి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయేది. ఎదురుగా గొంతుకూర్చునేది. పని అయిపోయాక పిల్ల తరఫున తనే "వచ్చింది" అనేది. మళ్లీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. రెండు వారాలు గడిచినా పిల్ల ఆ మాట అనలేదు.

సెంటర్లో పొడిగా ఉన్న రోజున కూడా సాయంత్రం ఇంట్లో వాకిలి నిండా తడిపి దెబ్బలు తింటోందని తెలిసి, నర్సింగమ్మ బక్కమ్మ దగ్గరికి వెళ్లింది. నన్నూ వెంట రమ్మంది.

"అక్కా, పిల్లను కొట్టకు. గంటకోపాలి అడుగు. వచ్చిందా అని అడుగు. గా మాటే అనాలె, వేరే మాట అనకు" అంది.

బక్కమ్మ నవ్వింది. "ఏడుగురిని కన్న చెల్లె. ఒక్కనికి గూడ నేర్పలె. వాకిట్ల పోసిన్రు, పెరిగిన్రు."

"గప్పుడు మట్టి వాకిలి ఉండె అక్కా. ఇప్పుడు ఇంటి ముంగట సీసీ రోడ్డు పడ్డది. రేపు బడికి పోతది. ఇంట్ల ఒకతీరు, సెంటర్ల ఒకతీరు ఉంటే గింత పిల్ల ఏది పట్టుకోవాలె?"

పరమేష్ మంచం మీద కూర్చుని వింటున్నాడు. "గా మాటంటే మా అమ్మకు ఏం పోతది, అనమను" అన్నాడు. నర్సింగమ్మ రోజూ సాయంత్రం అటునుంచే ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. వాకిట్లో నిలబడి, "అడిగినవా అక్కా?" అని అడిగేది. అడగలేదంటే తనే పిల్లను బయటికి తీసుకుపోయేది. ఆ బాధ పడలేక బక్కమ్మ అడగడం అలవాటు చేసుకుంది. శోభకూ అలవాటైంది.

బతుకమ్మ పండుగ దగ్గరపడ్డ రోజుల్లో ఒక పొద్దున, దీప్తి బొమ్మల మధ్య నుంచి లేచి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లింది. నర్సింగమ్మ కొంగు పట్టి లాగి, "ఆయమ్మా, వచ్చింది" అంది.

ఆరోజు పప్పు మాడిపోయింది. గర్భిణులు భోజనానికి వచ్చి వాసన చూసి ముఖాలు చిట్లించుకున్నారు. నర్సింగమ్మ వడ్డిస్తూ, ఎవరూ అడగకుండానే, "దీప్తి చెప్పింది ఇయ్యాల" అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

2018లో వేసవి సెలవుల ముందు శోభ నా దగ్గరికి వచ్చి, "మేడం, మీ బాబు యాడ సదువుతుండు?" అని అడిగింది. మా శివకృష్ణను నేను అప్పటికే మండల కేంద్రంలో ఒక ఇంగ్లీషు మీడియం బళ్లో వేశాను. అదే చెప్పాను. శోభ ఏడో తరగతిలో చదువు మానేసిన మనిషి. "నా బిడ్డ నా లెక్క కావొద్దు" అంది. జూన్‌లో దీప్తిని అదే బళ్లో ఎల్‌కేజీలో చేర్పించారు. నీలం గౌను, తెల్ల సాక్సు, నడుముకు బెల్టు. పొద్దున ఏడున్నరకు వ్యాను వచ్చేది.

చేర్పించే ముందు నర్సింగమ్మ, "టీచరమ్మా, గా బడిల గూడ మన మాట చెప్పి రావొద్దా? గా మేడాలకు తెల్వది గద" అంది.

"పెద్ద బడి ఆయమ్మా. వాళ్లకు అన్నీ తెలుసు" అన్నాను. నిజానికి, ఒక ఆయాను వెంటబెట్టుకుని నా కొడుకు చదివే బడికి వెళ్లి ఇలాంటి మాట ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

ఆ బడి పద్ధతి వేరు. మూత్రానికి వెళ్లేందుకు పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట కొడతారు. మధ్యలో వెళ్లాలంటే లేచి నిలబడి ఇంగ్లీషులో అడగాలి. ఆడపిల్లలకు రెండు గదులు, వాటిలో ఒకదానికి ఎప్పుడూ తాళం. మగపిల్లలు వెనక ప్రహరీ గోడ దగ్గరికి పరుగెత్తేవాళ్లు. మా శివకృష్ణ కూడా అక్కడికే వెళ్లేవాడు. అందుకే ఆ పద్ధతి గురించి నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

మొదటివారం దీప్తి తనకు తెలిసిన మాటే చెప్పింది. "మేడం, వచ్చింది" అంది. ఏం వచ్చిందని మేడమ్ అడిగింది. పిల్లలు నవ్వారు. ఇంగ్లీషులో అడిగితేనే పంపిస్తానంది మేడమ్. దీప్తికి ఇంగ్లీషు రాదు. అలాగే నిలబడి తడుపుకుంది. ఆ తడి గౌనుతోనే వరండాలో మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. మర్నాడు శోభను పిలిపించి, మిగతా తల్లిదండ్రుల ముందే చెప్పారు, పిల్లకు అలవాటు నేర్పి పంపించమని.

శోభ ఆ అవమానం భరించలేకపోయింది. ఇంటికొచ్చి పిల్లను కొట్టింది. అయినా వారంలో మళ్లీ రెండుసార్లు అయింది. అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తోచింది. పొద్దున లేచింది మొదలు బడి నుంచి వచ్చేదాకా పిల్లకు నీళ్లు ఇవ్వడం మానేసింది. పాలు మానిపించింది. నీళ్ల సీసా ఖాళీగా పంపించేది. బక్కమ్మ కూడా కోడలి మాటే పట్టుకుంది. క్లాసు మేడమ్ డైరీలో "ఇప్పుడు బాగుంది" అని రాసి పంపింది. అలా ఇల్లూ బడీ ఆ పిల్ల విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి. నీళ్లు తాగొద్దు.

నర్సింగమ్మకు ఇది తెలియడానికి నెల పట్టింది. ఒక సాయంత్రం వ్యాను దిగిన దీప్తి ఇంటికి పోకుండా బోరింగు దగ్గరికి పరుగెత్తడం చూసింది. ఎవరో నీళ్లు కొట్టుకుంటుంటే, పిల్ల ఆ ధార కింద నోరు పెట్టి చాలాసేపు తాగింది.

"పొద్దుగాల తాగలేదా బిడ్డా?" అని అడిగింది నర్సింగమ్మ.

"తాగొద్దు. తాగితే వస్తది" అంది దీప్తి.

నర్సింగమ్మ శోభ ఇంటికి వెళ్లింది. నేనూ అప్పుడే బస్సు కోసం అటువైపు నడుస్తూ ఆగాను.

"శోభా, నీళ్లు బంద్ పెట్టినవా పిల్లకు? ఎండల పోయే పిల్ల. పానం ఏమైతదో ఫికర్ లేదా నీకు?"

శోభ బట్టలు ఉతుకుతోంది. చేతులు తుడుచుకుని లేచింది. "నువ్వొచ్చి గా మేడం ముంగట నిలబడతవా చిన్నత్తా? పదిమందిల నన్ను నిలబెట్టి అడిగింది, మీ ఇంట్ల లెట్రిన్ లేదా అని. నీకేం, ఆయమ్మా ఆయమ్మా అని కొంగు పట్టుకుని తిరిగినన్ని రోజులు తిరిగింది. నువ్వు గారం చేసినవు. దెబ్బలు నేను కొట్టాల్సొస్తున్నది."

నర్సింగమ్మ నా వైపు తిరిగింది. మర్నాడు సెలవు పెట్టి బడికి వెళ్తానంది. ఈసారి నేను కాదనలేక వెంట వెళ్లాను.

బళ్లో చిన్న తరగతులు చూసుకునే స్నేహలత మేడమ్ మమ్మల్ని గంటసేపు వరండాలో కూర్చోబెట్టి పిలిచింది. మంచిగానే మాట్లాడింది. "చూడండమ్మా, క్లాసులో నలభై అయిదు మంది. ఒకర్ని పంపితే అందరూ లేస్తారు. పంపించడానికి మనిషి కావాలి. రూల్ అన్నాక అందరికీ ఒకటే ఉండాలి. మీ దగ్గర ఎప్పుడంటే అప్పుడు వెళ్లడం అలవాటు చేశారు. ఇప్పుడు మాకు కష్టమవుతోంది" అంది.

"ఇంగ్లీషు రాదమ్మా పిల్లకు. చిటికెన వేలు లేపితే పంపున్రి. గంతే అడుగుతున్న. ఇంట్ల గూడ గదే నేర్పుత" అంది నర్సింగమ్మ.

స్నేహలత మేడమ్ నా వైపు తిరిగింది. "మీరు కూడా పేరెంటే కదా మేడం. మీ బాబుకు ఎప్పుడన్నా ప్రాబ్లెం వచ్చిందా?"

"లేదు" అన్నాను.

ఇంకేమైనా చెప్పి ఉండవచ్చు. మా వాడు గోడ దగ్గరికి వెళ్తాడనీ, ఆడపిల్లలకు ఆ గోడ లేదనీ చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. వచ్చే ఏడాది ఫీజులో రాయితీ గురించి నేను ఆమెనే అడగాల్సి ఉంది.

వేలు సంగతి చూస్తానని ఆమె మాట ఇచ్చింది. నర్సింగమ్మ నాలుగు రోజుల పాటు సాయంత్రాలు దీప్తి దగ్గర కూర్చుని వేలు లేపడం నేర్పింది. మూడు వారాలు అది పనిచేసింది. ఆ తర్వాత క్లాసు మేడమ్ మానేసి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఎవరూ ఏమీ చెప్పలేదు. దీప్తి వేలు లేపితే, ఆమె పిల్లల అల్లరి అనుకుని చేతి మీద స్కేలుతో కొట్టింది.

అప్పుడు నర్సింగమ్మ నన్ను ఇంగ్లీషు మాట నేర్పమంది. దీప్తికి కాదు, తనకు. "నాకొస్తే దానికి నేను నేర్పుత. నీకు బస్సుకు టైం అయితది" అంది. కూరగాయలు తరుగుతూ, గిన్నెలు తోముతూ, "మే ఐ గో టు టాయిలెట్ మేడం" అని గొణుక్కునేది. మొదట్లో టాయిలెట్‌కూ మేడమ్‌కూ మధ్య ఊపిరి ఆడక ఆగిపోయేది. వారం రోజుల్లో నేర్చుకుంది. సెంటర్లోని పిల్లలకూ ఆ వాక్యం వచ్చేసింది. దీప్తి ఇంటి వాకిట్లో కూర్చుని నర్సింగమ్మ ఒకసారి, పిల్ల ఒకసారి చెప్పుకునేవాళ్లు. బక్కమ్మ బీడీలు చుడుతూ చూసేది.

ఇంటి దగ్గర దీప్తి ఆ వాక్యం గడగడా చెప్పేది. క్లాసులో నోరు పెగిలేది కాదు. చాలా రోజులకు ఒకసారి చెప్పింది. "గంట కొట్టేదాకా ఆగు" అన్నారట. ఆ తర్వాత బళ్లో అడగనే లేదు.

మరుసటి ఏడాది జ్వరాలు మొదలయ్యాయి. చలి పెట్టి వచ్చేది, కడుపు కింద నొప్పి అనేది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే మూడు రోజులకు తగ్గేది. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేది. పిల్లలకు జ్వరాలు మామూలేనని అందరం అనుకున్నాం. నర్సింగమ్మ మాత్రం, "మూత్రం పరీక్ష చేయించు పరమేషూ" అని రెండుసార్లు చెప్పింది. పరమేష్ అప్పుడు వరి కోతల పనిలో ఉన్నాడు.

కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాయి. ఏడాదిన్నర దీప్తి ఇంటిపట్టున ఉంది. నీళ్లు తాగింది, ఒళ్లు చేసింది, జ్వరాలు తగ్గాయి. పిల్ల గట్టిపడిందని శోభ సంబరపడింది. నర్సింగమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. రేషన్ సరుకులు ఇళ్లకు పంచడానికి తిరిగినప్పుడల్లా ఆ ఇంటి ముందు ఆగేది. "పొద్దుగాల పోయిందట, మల్ల మాపటికే పోతది. ఇంట్ల ఉండి గూడ పోతలేదు టీచరమ్మా. వద్దని ఎవ్వలన్నరు ఇప్పుడు?" అని నాతో అంది.

2022 ఫిబ్రవరిలో, బళ్లు తెరిచిన కొన్నాళ్లకు, ఒక ఉదయం దీప్తి ముఖం ఉబ్బింది. కళ్లు తెరుచుకోలేదు. నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. పదిహేడు రోజులు ఉన్నారు. మాటిమాటికీ మూత్రం ఆపుకోవడం వల్ల, నీళ్లు తాగకపోవడం వల్ల మళ్లీ మళ్లీ చీము పట్టి, అది కిడ్నీల దాకా పాకిందని చెప్పారు. ఒక కిడ్నీ ఎండిపోయింది. రెండోది సగం పనిచేస్తోంది. పిల్ల పెద్దదయ్యేసరికి అది కూడా ఎంతవరకు ఉంటుందో చెప్పలేమన్నారు. లేచిన దగ్గర్నుంచి గంటగంటకూ నీళ్లు తాగించాలి. రెండు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, మూత్రానికి పంపాలి. ఇంట్లోనైనా, బళ్లోనైనా ఇదే పద్ధతి, ఒక్కపూట కూడా తప్పకూడదు అని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చారు.

ఆ కాగితం చదివి వినిపించమని శోభ నా దగ్గరికి తెచ్చింది. నేను చదువుతుంటే నర్సింగమ్మ గడప మీద కూర్చుని విన్నది. చదవడం అయ్యాక శోభ ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. "నేను సంపిన చిన్నత్తా, నేనే సంపిన" అంది. నర్సింగమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది.

దీప్తిని ఆ బడి మాన్పించి ఊళ్లో సర్కారు బడిలో వేశారు. అక్కడ కృష్ణయ్య సారు మంచివాడు. కాగితం చదివి, "ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పో తల్లీ, నన్ను అడగకు" అన్నాడు. గడియారం చూసి ఆయనే పంపించేవాడు కూడా. శోభ కూలి మానేసి పొద్దున, మధ్యాహ్నం సీసా నింపుకుని బడికి వెళ్లేది. బక్కమ్మ గంటగంటకూ అడిగేది. నర్సింగమ్మ ఆరేళ్లుగా అడిగిన సంగతి అప్పుడు జరిగింది. ఇంట్లో, బళ్లో, ఊళ్లో అందరూ ఒకటే మాట అన్నారు.

కానీ పిల్ల మారలేదు. సారు పంపిస్తే మరుగుదొడ్డి దాకా వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, తిరిగివచ్చేది. అయిందా అంటే అయిందనేది. శోభ తెచ్చిన నీళ్లు వేపచెట్టు మొదట్లో పారబోసేది. ఒకరోజు నర్సింగమ్మ చూసి పట్టుకుంది. కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఎందుకు బిడ్డా? ఇప్పుడు ఎవ్వలు ఏమంటలేరు గద. వస్తే పోరాదు?"

దీప్తి ఖాళీ సీసా మూత బిగించింది. "వచ్చిందో రాలేదో నాకు తెలుస్తలేదు ఆయమ్మా" అంది.

డాక్టరును అడిగితే, ఏళ్ల తరబడి ఆపుకుంటే ఆ తెలివి పోతుందన్నారు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

2024లో అరవై అయిదేళ్లు నిండాయని నర్సింగమ్మను పని నుంచి దింపారు. ఒక శాలువా కప్పాం, ఫోటో తీశాం. ఆమె స్థానంలో ఇంకా ఎవర్నీ వేయలేదు. వంట, పిల్లలు, రిజిస్టర్లు, ఫోన్లో యాప్‌లు, అన్నీ నేనే. పిల్లల్ని మధ్యమధ్య లేపి తీసుకుపోవడానికి నాకు తీరిక ఉండదు. పొద్దున పదకొండింటికి ఒకసారి, తిన్నాక ఒకసారి అందరినీ వరుసలో నిలబెట్టి పంపుతాను. మధ్యలో ఎవరైనా అడిగితే, "ఆగు, ఇప్పుడే కదా పోయింది" అని నా నోటి నుంచే వస్తోంది. వచ్చాక తెలుస్తోంది.

దీప్తికి ఇప్పుడు పదకొండేళ్లు. నెలకోసారి నల్గొండ వెళ్లి పరీక్షకు రక్తం ఇస్తుంది. కిడ్నీ ఎంత చెడిందో చెప్పే అంకె ప్రతిసారీ కాస్త పెరుగుతోంది. ఆ జబ్బు వల్ల ఎత్తు పెరగడం ఆగిపోయింది. మొన్న బస్టాండులో ఫైలు పట్టుకుని తల్లితో కూర్చుని కనిపించింది. ఎండగా ఉందని నా సీసా ఇవ్వబోయాను. "వద్దు మేడం, బస్సుల పోవాలె" అంది. శోభ వినిపించుకోనట్టు రోడ్డు వైపు చూసింది. చెప్పిచెప్పి అలిసిపోయిన ముఖం.

ఆ సాయంత్రం నర్సింగమ్మ ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆమె వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు ఎక్కువ తిరగడం లేదు. ఎదురింటి కోడలు, తన రెండేళ్ల పిల్ల చాపమీద పోసిందని, వీపు మీద ఒకటి చరిచి లోపలికి ఈడ్చుకుపోయింది. నర్సింగమ్మ చూసింది. ఒకప్పుడైతే లేచి వెళ్లేది.

"ఏమన్నా అనరాదా ఆయమ్మా?" అన్నాను.

"ఏమనాలె?" అంది. "నేను దీప్తికి నేర్పకపోతేనే బాగుండు టీచరమ్మా. చెప్పుడు నేర్పిన. చెప్పినందుకే బయట నిలబెట్టిన్రు. నేర్పకుంటే అందరి లెక్క తడుపుకునేది, దెబ్బలు తినేది, పెద్దగయ్యేది. నీళ్లన్నా తాగుకుంట ఉండు" అంది.

అది తప్పని నాకు తెలుసు. చీకటి పడకముందే బస్సు ఉంది. లేచి వచ్చాను.